నీళ్లు గడియారం చూసి తాగాలా, దాహం వేస్తే తాగాలా?

లాంగ్‌రన్ (చర్చ మొదలుపెట్టినవారు):
మా రన్నింగ్ గ్రూపులో రెండు వర్గాలయ్యాయి. ప్రతి 20 నిమిషాలకీ 200 మి.లీ. తాగి తీరాలని కొందరు, దాహం వేస్తే తప్ప సీసా ముట్టుకోవద్దని కొందరు. నా వాదన వేరు. నీళ్లకు దాహమే కొలత, తిండికి మాత్రం గడియారమే కొలత. రెండింటినీ ఒకే షెడ్యూల్లో ఇరికించడం వల్లే ఇబ్బందంతా.

రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడితే చాలు, మెదడు దాహం పుట్టిస్తుంది. కండరాల్లో గ్లైకోజన్ (పరుగుకు ఇంధనంగా నిల్వ ఉండే పిండిపదార్థం) తగ్గిపోతోందని ముందుగా చెప్పే ఏర్పాటు మాత్రం మన ఒంట్లో అలా లేదు. పైగా గట్టిగా పరిగెత్తేటప్పుడు ఆకలి చచ్చిపోతుంది. కాళ్లు బరువెక్కాక జెల్ (చిన్న ప్యాకెట్లో వచ్చే చిక్కటి చక్కెర పాకం) నోట్లో వేసుకుంటే, అది రక్తంలోకి చేరేసరికే వేగం పడిపోయి ఉంటుంది.

నీళ్లు ఎక్కువైతే ఏమవుతుందో 2002 బోస్టన్ మారథాన్‌లో తేలింది. పరుగు ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. అంతకుముందు, 1996లో, అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ గంటకు 600 నుంచి 1200 మి.లీ. దాకా తాగమని చెప్పింది. 2007లో అదే సంస్థ ఆ మాట సవరించుకుని, నీటి నష్టం శరీర బరువులో 2 శాతం దాటకుండా చూసుకుంటే చాలంది.

ఫుట్‌బాల్ కోచ్:
దాహం వేసిన క్షణంలో నీళ్లు చేతికందేవాళ్లకే మీ సూత్రం పనికొస్తుందండీ. మా పిల్లలకు ఆట ఆగితేనే సీసా దొరుకుతుంది. 45 నిమిషాల సగం ఆటలో 30వ నిమిషంలో దాహం వేస్తే ఏం చేయాలి? అందుకే మ్యాచ్‌కు ముందూ విరామంలోనూ టైం ప్రకారమే తాగిస్తాను, దాహం లేదన్నా సరే. ఆటలో మునిగిపోయిన పిల్లాడు దాహం సంగతే పట్టించుకోడు, అది కూడా నేను రోజూ చూస్తున్నదే.

సైక్లిస్ట్:
అసలు 2 శాతం గీత మీదే అందరికీ ఏకాభిప్రాయం లేదు. 2015లో అచ్చైన ఒక ప్రయోగంలో సైక్లిస్టులకు చెమట పట్టించి 3 శాతం బరువు తగ్గించారు. తర్వాత ఎవరికి ఎంత ఎక్కిస్తున్నారో వాళ్లకు తెలియకుండా నరంలోకి సెలైన్ ఇచ్చి, ఎండ వేడిలో 25 కి.మీ. తొక్కించారు. లోటు అలాగే ఉంచినవాళ్లూ పూర్తిగా తీర్చినవాళ్లూ దాదాపు ఒకే టైంలో ముగించారు. కానీ పాల్గొన్నది పదిమందే. తర్వాత వేరేవాళ్లు ముక్కు ద్వారా పొట్టలోకి గొట్టం వేసి, తెలియకుండానే నీళ్లు ఇచ్చి చూస్తే, లోటున్నవాళ్ల వేగం స్పష్టంగా తగ్గింది. కాబట్టి ఏదో ఒక ప్రయోగం చూపించి ‘ఇక తేలిపోయింది’ అనేవాళ్లను నేను నమ్మను.

పోషకాహార సలహాదారు:
రోజూ క్రీడాకారులతో పనిచేసే మనిషిగా ఒక మాట. గడియారం తప్పు కాదు, పక్కవాడి అంకె అరువు తెచ్చుకోవడం తప్పు. గంటసేపు ప్రాక్టీస్‌కు ముందూ తర్వాతా తక్కువ బట్టలతో, ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. ముందు 68 కిలోలు, తర్వాత 66.9. మధ్యలో తాగింది అర లీటరు, మూత్రానికి వెళ్లలేదు. అంటే తగ్గిన 1.1కి తాగిన 0.5 కలిపితే గంటకు 1.6 లీటర్ల చెమట. చల్లని వాతావరణంలో మెల్లగా పరిగెత్తే మనిషికి అదే గంటలో అర లీటరు కూడా పోకపోవచ్చు. 20 నిమిషాలకు 200 మి.లీ. అంటే గంటకు 600. మొదటివాడికి అది చాలదు, రెండోవాడి ఒంట్లో నీరు గంట గంటకీ పోగవుతుంది. నాలుగైదు గంటల పరుగులో అదే ప్రమాదం.

ఇంకొకటి. తగ్గిన ప్రతి గ్రామూ నీటి లోటు కాదు. ఒక గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిల్వ ఉంటుంది, గ్లైకోజన్ కరిగినప్పుడు అదీ విడుదలవుతుంది. 2009 దుబాయ్ మారథాన్ గెలిచిన హైలే గెబ్రసెలాసీ ఆ పరుగులో దాదాపు 10 శాతం బరువు తగ్గాడు. అందరూ అంత తగ్గొచ్చని నేననను. ముగింపులో మొదటికంటే బరువెక్కితే మాత్రం అతిగా తాగినట్టే, అందులో అనుమానం లేదు.

లాంగ్‌రన్:
ఒప్పుకుంటాను. అయితే తిండి సంగతికి రండి, నేను చెప్పదలచుకున్నది అక్కడే ఉంది. పేగు గంటకు సుమారు 60 గ్రాముల గ్లూకోజ్‌నే పీల్చుకోగలదు. ఫ్రక్టోజ్ వేరే దారిలో వెళ్తుంది కాబట్టి రెండూ కలిపితే 90 దాకా సాధ్యం, అది కూడా ప్రాక్టీస్‌లో పొట్టకు అలవాటు చేస్తేనే. ఇప్పుడు ఆ 60 గ్రాములూ 6 శాతం చక్కెర ఉన్న డ్రింక్‌లోనే తీసుకోవాలంటే లీటరు తాగాలి. చల్లటి రోజున దాహం వేయదు, తాగరు, తిండి కూడా అందదు. లేదా తిండి కోసం తాగుతారు, నీరు ఎక్కువవుతుంది. అందుకే జెల్ టైం ప్రకారం, నీళ్లు దాహం ప్రకారం అంటున్నాను.

ఫుట్‌బాల్ కోచ్:
జెల్ నీళ్లు లేకుండా మింగితే కడుపులో తిప్పుతుంది. అంటే జెల్‌తో పాటు గడియారం ప్రకారం నీళ్లూ తాగుతున్నట్టేగా?

లాంగ్‌రన్:
అవును, ఆ నాలుగు గుక్కలు తిండి లెక్కలో వేస్తాను. మిగతాదంతా దాహానికే వదిలేయండి.

అల్ట్రా రన్నర్:
ఉప్పు బిళ్లలు మింగుతున్నాం కదా, ఎంత నీళ్లు తాగినా ఫర్వాలేదని ధీమాగా ఉండేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. చెమట లీటరులో సోడియం ఎంత పోతుందన్నది మనిషికీ మనిషికీ ఎన్నో రెట్లు మారుతుంది. అతిగా తాగితే బిళ్లలు కాపాడవు. ఇంకా భయపెట్టేది ఏమిటంటే, తలనొప్పి, వాంతులు, తడబాటు డీహైడ్రేషన్‌లోనూ వస్తాయి, సోడియం పడిపోయినా వస్తాయి. తడబడుతున్నవాడికి మంచి చేద్దామని ఇంకో సీసా తాగించడం ప్రాణం మీదికి తేవచ్చు. చేతులు ఉబ్బి, ఉంగరం బిగుసుకుని, మాట తేడాగా వస్తుంటే నీళ్లు ఆపి వెంటనే వైద్యుల దగ్గరికి చేర్చండి. అక్కడ సోడియం పరీక్ష చేసి, అవసరమైతే మామూలుకంటే ఉప్పు ఎక్కువున్న 3 శాతం సెలైన్ ఎక్కిస్తారు. దారి పొడవునా ఉండే వాలంటీర్లకు ఈ ఒక్క విషయమైనా నేర్పాలి.

అరవై దాటిన రన్నర్:
మా వయసువాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. దాహాన్నే నమ్ముకోమంటే మేమూ నమ్ముకోవచ్చా?

పోషకాహార సలహాదారు:
పూర్తిగా నమ్ముకోకండి సార్. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం మందగిస్తుంది, ఎక్కువైన నీటిని కిడ్నీలు బయటికి పంపడమూ నెమ్మదిస్తుంది. అంటే మీకు రెండు వైపులా ముప్పే. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడుతుంటే ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి. మీరు పరిగెత్తే వేగంలో, వేడిగా ఉన్న రోజూ చల్లగా ఉన్న రోజూ విడివిడిగా బరువు చూసుకుని ఇక్కడ రాయండి. గంటకు ఎంత తాగొచ్చో, ఎంత దాటకూడదో కలిసి లెక్క వేద్దాం.