మొదటి రోజు వెలుగు, నాలుగో రోజు సూర్యుడు: మరి చీకటి ఎవరిది?

సండేస్కూల్_పాఠాలు
అందరికీ వందనాలు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు ఆదికాండము 1:1–5 పాఠం తయారుచేయాలి. రెండు ప్రశ్నలు ఖాయంగా వస్తాయి. సూర్యుడు నాలుగో రోజున కదా, మొదటి రోజు వెలుగు ఎక్కడిది? చీకటిని దేవుడే చేశాడా, లేక అది సాతానుదా? రెండోదానికి తరచుగా వినిపించే జవాబు ఒకటుంది: 1, 2 వచనాల మధ్య సాతాను పడిపోయాడు, అందుకే చీకటి కమ్మింది అని. దీనికి వాక్యంలో ఆధారం ఎంత?

హెబ్రీ_పాఠకుడు
మొదటిది తేలిక. మన పాత అనువాదమే ఆ తేడా చూపిస్తుంది: 3వ వచనంలో "వెలుగు", 14లో "జ్యోతులు". హెబ్రీలో మొదటిది ఓర్, రెండోది మెఓరోత్, అంటే వెలుగునిచ్చేవి. నిర్గమకాండము 25:6లో గుడారపు దీపాల నూనె దగ్గరా ఈ రెండో మాటే. అంటే నాలుగో రోజున వెలుగు పుట్టడం లేదు, దీపాలు పెడుతున్నారు. నాలుగో శతాబ్దంలోనే కైసరియ బిషప్పు బాసిల్ ఇదే అన్నాడు: నిప్పు వేరు, దీపం వేరు.

16వ వచనం గమనించండి. సూర్యుడు, చంద్రుడు అన్న పేర్లే లేవు, "పెద్ద జ్యోతి", "చిన్న జ్యోతి" అంతే. బబులోనులో షమాష్ సూర్యదేవుడు, సిరియా తీరంలోని ప్రాచీన నగరం ఉగారిత్‌లో యారిఖ్ చంద్రదేవుడు. హెబ్రీలో సూర్యచంద్రుల పేర్లు కూడా ఆ మాటలకు చుట్టాలే. అందుకే పేరెత్తకుండా పని మాత్రం అప్పజెప్పారని చాలామంది పండితుల అభిప్రాయం. పిల్లలకు ఇది బాగా ఎక్కుతుంది. మొదటి వెలుగంటే బిగ్ బ్యాంగ్ అని మాత్రం చెప్పకండి, ఆ ప్రశ్న ఈ అధ్యాయానిది కాదు.

ఇక సాతాను సంగతి. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు నోట్సు వల్ల ఈ బోధ బాగా పాకింది. వ్యాకరణం దానికి ఒప్పుకోదు. హెబ్రీలో కథ ముందుకు నడిచేటప్పుడు వాక్యం మామూలుగా క్రియతో మొదలవుతుంది. 2వ వచనం "భూమి" అనే నామవాచకంతో మొదలవుతుంది. అంటే "ఆ తర్వాత ఇలా అయింది" అని కాదు, "అప్పటికి ఉన్న స్థితి ఇది" అని. కథ కదిలేది 3వ వచనంలో, దేవుడు పలికినప్పుడు.

వాక్యసాధకుడు
బ్రదర్, అంత తేలిగ్గా కొట్టేయకండి. యెషయా 45:18లో "నిరాకారముగానుండునట్లు ఆయన దాని సృజింపలేదు" అని స్పష్టంగా ఉంది. మరి 1:2లో భూమి నిరాకారంగా ఉందని ఎందుకు ఉంది? మధ్యలో ఏదో పాడైనట్టే కదా?

హెబ్రీ_పాఠకుడు
ఆ వచనం రెండో సగం కూడా చదవండి: "నివాసస్థలమగునట్లుగా". అది ఉద్దేశం చెబుతోంది, మొదటి స్థితి కాదు. అదే అధ్యాయం 7వ వచనం మీకు ఇంకా ఇబ్బంది. తెలుగులో "వెలుగును సృజించువాడను అంధకారమును కలుగజేయువాడను" అని ఉంది. హెబ్రీలో ఆదికాండము 1:1లోని "సృజించు" క్రియ, బారా, ఇక్కడ వెలుగుకు కాదు, చీకటికి వాడారు! చీకటి దేవుని చేతిలోది కాదనడానికి దారి లేదు.

రంగు_పెన్సిల్
పాఠం నడిపే పద్ధతి చెబుతాను. పిల్లలందరికీ 1వ అధ్యాయం ప్రింటు ఇచ్చి, "వేరుపరచు" అన్న చోటల్లా గీత గీయించండి: 4, 6, 7, 14, 18 వచనాలు, మొత్తం 5 సార్లు. తర్వాత దేవుడు పేరు పెట్టినవి వెతికించండి: పగలు, రాత్రి, ఆకాశం, భూమి, సముద్రాలు. చీకటిని చంపలేదు, హద్దు గీసి "రాత్రి" అని పేరు పెట్టాడు. ఇదే పాఠం గుండెకాయ.

ఎవరో ఒకరు "4లో వెలుగునే మంచిదన్నాడు, చీకటిని అనలేదు కదా" అంటారు. నిజమే. కానీ 18వ వచనం చూపించండి. పగలు రాత్రి, వెలుగు చీకటి అన్న ఆ ఏర్పాటంతా చూసి మంచిదన్నాడు.

లైట్లు ఆర్పి కొవ్వొత్తి వెలిగించే ప్రదర్శన చేస్తే "చీకటి అంటే పాపం" అనకండి. చిన్న పిల్లలు ఆ రాత్రి నిద్రపోరు. చీకటిని పాపానికి గుర్తుగా వాడేది యోహాను. అది ఇంకో పాఠం, అదే రోజు కలిపితే రెండూ చెడతాయి. కతోలికుల పాస్కా జాగరణలో (ఈస్టర్ ముందు రాత్రి ఆరాధన) ఈ వరస చక్కగా ఉంటుంది: చీకట్లో కొత్త నిప్పు, పాస్కా కొవ్వొత్తి, ఆ తర్వాతే మొదటి పఠనంగా ఆదికాండము 1.

సండేస్కూల్_పాఠాలు
ధన్యవాదాలండి. ఇంకొక్కటి: 5వ వచనంలో "ఒక దినమాయెను" అని, 8లో "రెండవ దినమాయెను" అని ఉంది. మొదటిది అచ్చు తప్పా?

హెబ్రీ_పాఠకుడు
తప్పు కాదు. హెబ్రీలో కూడా యోమ్ ఎహాద్, "ఒక దినం". లెక్కపెట్టడానికి ఇంకో దినం ఇంకా లేదు.