ఈ వారం సమస్య: చూడనట్టివాఁడె చూచె సినిమ

నిర్వాహకుడు, విజయనగరం

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది:

*చూడనట్టివాఁడె చూచె సినిమ*

ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, పొసగనట్టున్న ఈ మాటకి అర్థం కుదర్చాలి, అదే పూరణ. కొత్తగా చేరినవాళ్ళ కోసం లక్షణం మరోసారి చెబుతున్నాను. గణమంటే గురులఘువుల చిన్న గుంపు; సూర్య గణాలు పొట్టివి, ఇంద్ర గణాలు కొంచెం పొడుగువి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్య గణాలే. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. ప్రాస అక్కర్లేదు.

ఈసారి ఒక షరతు పెడుతున్నాను. పద్యం కింద మీరు ఈ మధ్య చూసిన సినిమా గురించి నాలుగు మాటలు రాయాలి. ఎన్ని కోట్లు వచ్చాయి, ఎన్ని రోజులు ఆడింది, ఎవరు ఎన్ని మార్కులు వేశారు అన్నవి వద్దు. హాల్లో మీరు ఎక్కడ కూర్చున్నారు, ఎక్కడ మనసు కదిలింది, ఎక్కడ విసుగొచ్చింది, అది రాయండి. సినిమా ఎలా ఉందని ఎవరినైనా అడిగితే "టాక్ బాగుంది" అంటున్నారు. నేను అడిగింది టాక్ కాదు కదా, మీకు ఎలా ఉందని! ఆ చిరాకులోంచే ఈ సమస్య పుట్టింది.

ముందుగా నా పూరణ. మొన్న ఆదివారం మా ఊళ్ళో మ్యాట్నీకి వెళ్ళాను. నా ముందు వరుసలో ఆరుగురు కుర్రాళ్ళు. తెర మీద ఒక తండ్రి కొడుకు శవం పక్కన కూర్చుని చెప్పుల దుమ్ము తుడుస్తున్నాడు, మాటల్లేవు. ఆ రెండు నిమిషాల్లో నా ముందు నాలుగు ఫోన్లు వెలిగాయి. ఆ వెలుగుకి నాకు ఆ తండ్రి ముఖం సరిగా కనబడలేదు. ఇంటికొచ్చి అన్నం తింటున్నా అదే బాధ.

చీఁకటింటిలోన చేతిలో ఫోనును
నొక్కి నొక్కి చూచు నూఱు మంది;
వారిలోన ఫోనువైపైనఁ గన్నెత్తి
చూడనట్టివాఁడె చూచె సినిమ.

బొబ్బిలి మాస్టారు

బాగుంది నాయనా. "కన్నెత్తి చూడని" అనే నుడికారం మూడో పాదం చివర విరిగి సమస్యలోకి వచ్చి కలిసింది. సమస్యని విడగొట్టే పద్ధతుల్లో ఇది మంచిది. సమస్యలో ఉన్న "చూడని" వేరు, మీరు పూరించిన "కన్నెత్తి చూడని" వేరు. చూడనిది సినిమాని కాదు, ఫోనుని. విరోధం అక్కడితో తీరిపోయింది.

ఒక్క లోపం. "ఫోను" మొదటి పాదంలో ఉంది, మళ్ళీ మూడో పాదంలో వచ్చింది. "వారిలోన దాని వైపైనఁ గన్నెత్తి" అనండి. గణం మారదు, పునరుక్తి పోతుంది.

నిర్వాహకుడు, విజయనగరం

దిద్దుకున్నాను మాస్టారూ. "దాని" అంటే ఫోనుని ఛీ కొట్టినట్టు కూడా ఉంది. నాకు కావలసింది అదే.

రాజాం తమ్ముడు

గురువులందరికీ నమస్కారం. నాది ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. పద్యం రాయడం ఇది రెండోసారి, కొంచెం టెన్షన్‌గానే పెడుతున్నాను.

ఎన్ని కోట్లు వచ్చె? నెన్ని చుక్కలు వచ్చె?
ననుచు నడుగు జనుల నడుమఁ జేరి
లెక్కలెల్ల మాని లీనమై, రేటింగు
చూడనట్టివాఁడె చూచె సినిమ.

ఈ మధ్య ఒక సినిమాకి రేటింగు తక్కువ వచ్చిందని మా హాస్టల్లో ఎవరూ వెళ్ళలేదు. నేను ఒక్కడినే వెళ్ళాను. హీరోయిన్ తన తల్లితో వంటింట్లో గొడవపడే సీను ఒకటుంది. మా అమ్మా మా అక్కా గుర్తొచ్చారు, అచ్చం అవే మాటలు. రెండో సగం సాగదీశారు, నిజమే. కానీ ఆ వంటింటి సీను కోసం మళ్ళీ వెళ్తాను.

బొబ్బిలి మాస్టారు

మొదటి పాదం నాకు చాలా నచ్చింది. ఎవరో పక్కన నిలబడి అడుగుతున్నట్టే ఉంది. నక్షత్రాలని "చుక్కలు" అన్నావు, అది మన మాట.

రెండో పాదంలో యతి చూసుకో నాయనా. "ననుచు"లో న ఎక్కడిది? "వచ్చెన్ + అనుచు". ఆ న ద్రుతం వల్ల, అంటే ముందు పదం చివర చేరే న వల్ల వచ్చింది, పదం మొదలయ్యేది అ తో. నాలుగో గణంలో "నడుమ" అన్నావు, అక్కడి న పదంలోనే ఉన్న హల్లు. చెవికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ యతి కుదరదు. ఈ పొరపాటు అందరం చేసినవాళ్ళమే.

నరసన్నపేట అక్క

తమ్ముడూ, "నడుమఁ" తీసేసి "యందుఁ" పెట్టు. "ననుచు నడుగు జనుల యందుఁ జేరి". అ కి యం సరిపోతుంది.

రాజాం తమ్ముడు

అర్థమైంది అక్కా. ఇన్నాళ్ళూ అక్షరం చూసి యతి వేస్తున్నాను, సంధి విడదీసి చూడాలని తెలియలేదు. మాస్టారికి ధన్యవాదాలు.

సోంపేట అన్నయ్య

కడలి వేటకేఁగి గడిదాటి చిక్కిన
జాలరన్న బతుకు చలనచిత్ర
మయ్యె; హాలులోన మనతోడఁ గూర్చుండి
చూడనట్టివాఁడె చూచె సినిమ.

ఇది "తండేల్" గురించి. 2025 ఫిబ్రవరి 7న విడుదలైంది, దర్శకుడు చందూ మొండేటి. నేను అప్పుడు చూడలేకపోయాను, మొన్ననే ఇంట్లో చూశాను. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకి చిక్కిన మన శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇంటికొచ్చారు. ఆ సంగతే సినిమాకి మూలం.

నాకు నచ్చింది సాయిపల్లవి కళ్ళలోని ఎదురుచూపు. మా ఒడ్డున ఆడవాళ్ళు ఫోను రాని రోజుల్లో అలాగే ఉంటారు. సముద్రం వైపు చూడరు, ఇంటి పని చేస్తూనే ఉంటారు, చేతులే నెమ్మదిస్తాయి. అది తెరమీద చూశాను.

నచ్చనిది కూడా చెప్తాను. ప్రేమకథకి ఇచ్చినంత చోటు వలసకి ఇవ్వలేదు. మన జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. అంత సముద్రం వాకిట్లో పెట్టుకుని మనవాళ్ళు రైలెక్కి గుజరాత్‌లోని వేరావల్ ఎందుకు పోతున్నారు? పెద్ద బోట్లు ఆగే రేవు ఇక్కడ లేక, ఒడ్డు వేటతో అప్పు తీరక. ఆ ముడి విప్పి ఉంటే నేను ఇంకా ఏడ్చేవాడిని. ఇది నా అభిప్రాయం, సినిమా బాగోలేదని మాత్రం అనను.

ఆమదాలవలస చెల్లెలు

అన్నయ్యా, పద్యం చదివి కాసేపు ఏమీ తోచలేదు. ఆ కథ బతికినవాడు టిక్కెట్టు కొనకుండానే అందరికంటే ముందు చూసేశాడు. ఎంత మాట!

కానీ "గడిదాటి" అన్నది నాకు గుచ్చుకుంది. గడి దాటాడంటే తప్పు వాడిదే అన్నట్టు లేదూ? నీళ్ళ మీద గీత ఎక్కడ కనబడుతుంది?

సోంపేట అన్నయ్య

నువ్వన్నది నిజమే అమ్మా. మా వాళ్ళ మీద నేనే నేరం మోపినట్టయింది. ఇలా మారుస్తాను:

కడలి వేటకేఁగి గాలి మళ్ళించిన
జాలరన్న బతుకు చలనచిత్ర
మయ్యె...

మాస్టారూ, గణాలు సరేనా?

బొబ్బిలి మాస్టారు

"గాలి మళ్" ర గణం, "ళించిన" భ గణం, రెండూ ఇంద్ర గణాలే. యతి క కి గా. శుభ్రంగా ఉంది. ఇక్కడ ఆ అమ్మాయి చేసింది వ్యాకరణ విమర్శ కాదు, న్యాయం అడిగింది. పద్యానికి అదీ కావాలి. ఈ వారం పూరణల్లో ఇది నాకు మొదటిది.

నరసన్నపేట అక్క

మనుమరాలు చెవిని మాటమాటకుఁ జెప్ప
పాటఁ దాను పాడి పకపక నగి
కనులు లేని తాత కన్నీరు తుడిచెను;
చూడనట్టివాఁడె చూచె సినిమ.

ఇది మా ఇంట్లో జరిగిందే. మా పెదతాతగారిది విజయనగరం, కోట దగ్గర ఇల్లు. పదేళ్ళ కిందట చూపు పోయింది. ఘంటసాల, సుశీల చదువుకున్న సంగీత కళాశాల ఉన్న ఊరివాణ్ణి, నాకు కళ్ళెందుకు అంటారు. మొన్న దసరాకి వెళ్ళినప్పుడు మా పాప ఆయన్ని సినిమాకి తీసుకెళ్ళింది. పక్కన కూర్చుని చెవిలో చెబుతూనే ఉంది. "తాతా, ఇప్పుడు వర్షం. ఇప్పుడు ఆమె తలుపు తీసింది, ఎవరూ లేరు." బయటికొచ్చాక ఆయన అన్న మాట విని నేను నిలబడిపోయాను. "రెండో పాటలో వీణ వాయించినవాడికి చెయ్యి బరువు, ఆ పిల్ల ఏడుపు మాత్రం నిజం ఏడుపే." ఆ సినిమాని నేనూ చూశాను. వీణ ఉందనే గమనించలేదు.

బొబ్బిలి మాస్టారు

అమ్మా, ఒక సందేహం. చూపు లేనివారు "చూడలేని" వారు. "చూడనట్టి" అంటే చూడగలిగీ చూడనివాడు అనే అర్థం తగులుతుంది. సమస్యకి న్యాయం జరిగిందా అని అడుగుతారు.

నరసన్నపేట అక్క

మాస్టారూ, "చూడని" అంటే చూడటం అనే పని జరగలేదనే కదా. ఎందుకు జరగలేదన్నది మూడో పాదంలో "కనులు లేని" అని చెప్పాను. ఇంకొక మాట. మా తాతగారికి "చూడలేని" అంటే కోపం వస్తుంది. ఆయన ముందు నేనా మాట వాడను.

బొబ్బిలి మాస్టారు

ఒప్పుకున్నాను. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. తాతగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆమదాలవలస చెల్లెలు

నాకొక అనుమతి కావాలి. సమస్యలో "వాఁడె" అని ఉంది. ఆడవాళ్ళ సంగతి అందులో పట్టడం లేదు. ఒక్క మాట మార్చి రాశాను, పోటీలోంచి తీసేసినా ఫర్వాలేదు.

ఏడ్చు బిడ్డ నెత్తి యిటు తలుపు కడను
చెవులతోడఁ గథనుఁ జేర్చుకొనుచు
నడుగు లోనఁ బెట్టు నంతలో 'శుభ'మాయె;
చూడనట్టి తల్లి చూచె సినిమ.

మా బాబుకి ఎనిమిది నెలలు. ఏడాది తర్వాత మొదటిసారి థియేటర్‌కి వెళ్ళాను. బాబు పావుగంటకే ఏడుపు. మిగతా సినిమా అంతా వరండాలో, పాప్‌కార్న్ కౌంటర్ పక్కన, తలుపు సందులోంచి విన్నాను. జనం నవ్వితే ఎందుకు నవ్వారో ఊహించుకున్నాను. మా ఆయన రెండుసార్లు బయటికొచ్చి "నేను ఎత్తుకుంటాను, నువ్వెళ్ళు" అన్నారు. వెళ్ళాను కూడా. బాబు ఏడుపు లోపలికి వినబడితే కూర్చోలేకపోయాను. సినిమా ఎలా ఉందంటే, వినడానికి చాలా బాగుంది.

నిర్వాహకుడు, విజయనగరం

చెల్లెమ్మా, ఇచ్చిన సమస్యలో అక్షరం మార్చకూడదన్నది నియమం, కాబట్టి పోటీకి తీసుకోలేను. పద్యం మాత్రం ఇక్కడే ఉంటుంది. "వాఁడె" అని రాసినప్పుడు నాకు ఈ ఆలోచనే రాలేదు. ఇకమీదట సమస్య ఇచ్చేముందు చూసుకుంటాను.

గజపతినగరం బావగారు

ఇంతమంది రాశారు గానీ "సినిమ" అని కురచ చేయడం ఒప్పేనా? మాట "సినిమా" కదా.

బొబ్బిలి మాస్టారు

బయటి నుంచి వచ్చిన మాట తెలుగులో స్థిరపడితే చివరి దీర్ఘం తగ్గడం మనకి అలవాటే. సంస్కృతం నుంచి వచ్చిన "సీతా" మన దగ్గర "సీత" కాలేదా? పద్యంలో "సినిమ" నాకు అభ్యంతరం లేదు. మాట్లాడేటప్పుడు "సినిమా" అనే అంటాను.

చీపురుపల్లి అన్న

ఆలస్యమైంది, క్షమించాలి. మా నాన్న ముప్ఫై ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరు. రీళ్ళ కాలం. ఒక ప్రొజెక్టర్‌లో రీలు అయిపోతుంటే తెర కుడి పై మూల చుక్క పడుతుంది. అది చూసి రెండో ప్రొజెక్టర్‌కి మార్చాలి. క్షణం అటూ ఇటూ అయితే తెర తెల్లబోతుంది, కింద ఈలలు. అందుకని ఆయన తెర మీద ఆ మూలే చూసేవాడు. ఒక సినిమా నూరు రోజులు ఆడినా కథ ఏమిటంటే చెప్పలేకపోయేవాడు.

చుక్క కొఱకుఁ దెరనుఁ జూచుచు రీళ్ళను
మార్చు నాన్న కథను మఱచినాఁడు;
కుదురుగాను హాలు కుర్చీలలో నుండి
చూడనట్టివాఁడె చూచె సినిమ.

పోయిన నెల ఆయన్ని కొత్త సినిమాకి తీసుకెళ్ళాను. ఇప్పుడు రీళ్ళు లేవు, అంతా డిజిటల్. జీవితంలో మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి చూశాడు. నేను పక్కనుంచి గమనిస్తున్నాను. ఇంటర్వెల్ దాకా ఆయన కళ్ళు మాటిమాటికీ కుడి పై మూలకే పోతున్నాయి. హీరో చెల్లెలు చనిపోయే సీనులో మాత్రం మూల మరిచిపోయి తిన్నగా తెర మధ్యలోకి చూశాడు. నాకు ఆ సినిమా గొప్పదే. ఇంకెవరు ఏమన్నా సరే.

బొబ్బిలి మాస్టారు

ఇందాక సోంపేట ఆయనకి మొదటి చోటు ఇచ్చాను. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఇస్తున్నాను. ఇక్కడ "చూచె" అంటే కనిపెట్టి చూసుకోవడం. పిల్లల్ని చూసుకున్నాడు, పొలం చూసుకున్నాడు అంటాం, అలాగే సినిమాని చూసుకున్నాడు. సమస్యలో ఈ అర్థం ఉందని ఇచ్చినాయనకే తెలిసి ఉండదు.

నిర్వాహకుడు, విజయనగరం

నిజంగా తెలియదు మాస్టారూ. అన్నా, నాన్నగారికి పద్యం వినిపించారా?

చీపురుపల్లి అన్న

ఇప్పుడే వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు. "చుక్క ఒకటి కాదురా, రెండు. మొదటి చుక్కకి రెండో మిషన్ మోటారు వెయ్యాలి, రెండో చుక్కకి బొమ్మ దాని మీదికి మార్చాలి. తప్పు రాయకు" అన్నాడు. అందుకని మొదటి పాదం ఇలా దిద్దాను:

చుక్కలకయి తెరనుఁ జూచుచు రీళ్ళను

గణాలు సరిపోయాయి. ఇప్పుడు సరిగ్గా ఉందన్నాడు.