డెర్బీ కారులో బరువులు ఎక్కడ పెట్టాలి? రేపే రేసు, అర్జెంట్

రాలీ_నాన్న:
సాయంత్రం నుంచి గరాజ్‌లోనే ఉన్నా, నాలుగు గంటలైంది. మావాడి కబ్ స్కౌట్స్ (చిన్నపిల్లల స్కౌట్ దళం) పైన్‌వుడ్ డెర్బీ, అంటే వాలు ట్రాక్ మీద చిన్న చెక్క కార్ల రేసు, రేపు పొద్దున. కారు చెక్కాం, రంగేశాం, బరువులు వెనక పెట్టి పలక వాలుగా ఆనించి వదిలితే తోక అటూఇటూ కొట్టుకుంటూ పోయి గోడకి గుద్దుకుంటోంది, ముందుకి పెడితేనేమో స్పీడే లేదు. వాడు ఏడుపు మొహం పెట్టాడు. ఎక్కడ పెట్టాలో చెప్పండి ప్లీజ్.

ఎన్‌జే_శీను:
మొత్తం బరువెంత? ఇరుసు నుంచి ఎంత దూరంలో పెట్టారు?

చెక్కపని:
బరువు తర్వాత సంగతి అండి, ముందు ఇరుసులు చూడండి. కిట్‌లో వచ్చేవి ఉత్త మేకులే, తల కింద గరుకు అంచు ఉంటుంది, డ్రిల్‌కి బిగించి తిప్పుతూ ఆకురాయితో అది తీసేసి సన్న ఎమెరీ పేపర్‌తో అద్దంలా మెరిసేదాకా రుద్దాలి, తర్వాత గ్రాఫైట్ పొడి. మేం రెండేళ్లు బరువుల మీదే పడి ఓడిపోయాం, ఇరుసులు రుద్దాకే బాగుపడింది.

రాలీ_నాన్న:
గ్రాఫైట్ వేశాం అన్నా. వంటింటి కాటా మీద 4.3 ఔన్సులు. చేపల గాలానికి కట్టే సీసం గుండ్లు, తోక చివర అంటించాం, వెనక ఇరుసుకి ఇంకా వెనక.

ఎన్‌జే_శీను:
అదే తప్పు.

ఫిజిక్స్_రమ:
ఇరుసు దాటి పెడితే ముందు చక్రాల మీద బరువు ఆనదు, ముక్కు తేలిపోయి కారు ఊగుతుంది. అలాగని ముందుకి తోసేయకండి. ట్రాక్ మొదట్లో వాలు కదా, తోక పైన ఉంటుంది, 30 డిగ్రీల వాలైతే గరిమనాభిని, అంటే కారు బరువంతా తూగే చోటుని, అంగుళం వెనక్కి జరిపితే అర అంగుళం ఎత్తు కలిసొస్తుంది, ఆ ఎత్తే స్పీడు. కారుని స్కేలు అంచు మీద అడ్డంగా నిలబెట్టండి, వెనక ఇరుసుకి ముప్పావు నుంచి ఒక అంగుళం ముందు తూగాలి. లిమిట్ 5 ఔన్సులు, అంటే 142 గ్రాముల లోపు, ఇంకా 0.7 చోటుంది. సీసం బాబు చేత ముట్టించకండి, టంగ్‌స్టన్ దొరికితే అదే సైజులో 1.7 రెట్లు బరువు.

గుంటూరు_మాస్టారు:
గరిమనాభి కాదమ్మా, ద్రవ్యరాశి కేంద్రం అనాలి.

ఫిజిక్స్_రమ:
మాస్టారూ, ఇంత చిన్న కారులో రెండూ ఒకే చోట ఉంటాయి కదండీ.

గుంటూరు_మాస్టారు:
ఒకే చోట ఉన్నంత మాత్రాన ఒకటే అయిపోవు. పిల్లలకి మొదట్లోనే సరిగ్గా చెప్పాలి.

చెక్కపని:
అసలు 1953లో కాలిఫోర్నియాలో డాన్ మర్ఫీ అనే ఆయన ఈ డెర్బీ మొదలుపెట్టిందే కొడుకు కోసం, తండ్రీకొడుకులు కలిసి చేసుకోవాలని. బాబు చేత కూడా రుద్దించండి.

ఎన్‌జే_శీను:
4.9 దగ్గర ఆపండి, రేసువాళ్ల కాటా మీ కాటా ఒకటి కాదు. చివరి ముక్క స్క్రూతో బిగించండి, ఎక్కువైతే అక్కడే విప్పేయొచ్చు.

రాలీ_నాన్న:
గుండ్లు పీకి ఇరుసుకి ముందు గాడి తీసి పెట్టాం, ఇంకో రెండు కలిపాం. 4.9. వాడే స్కేలు అంచు మీద నిలబెట్టి చూశాడు, ఇరుసుకి ముప్పావు అంగుళం ముందు తూగింది. ఇప్పుడు తిన్నగా పోతోంది. థాంక్స్ అందరికీ, పడుకుంటున్నాం.

చెక్కపని:
ఇరుసులు రుద్దారా?