అలర్జీ మాత్ర సెటిరిజిన్ ఆపితే అన్న తట్టుకోలేకపోతున్నాడు, స్కిన్ టెస్ట్ బదులు రక్తపరీక్ష ఒప్పుకుంటారా?

మా అన్నకు 41 ఏళ్లు, మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని. ఆరేళ్లుగా ఆస్తమా, దానితో పాటు ముక్కు అలర్జీ. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పెద్దవాళ్ల ఆస్తమా మీద జరుగుతున్న క్లినికల్ ట్రయల్‌లో చేరాలనుకుంటున్నాడు. సమ్మతి పత్రం తెలుగులోనే ఇచ్చారు, ఇద్దరం కూర్చుని మొత్తం చదివాం. ట్రయల్ సీటీఆర్ఐలో (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదై ఉందని కూడా చూసుకున్నాను.

చిక్కంతా స్కిన్ ప్రిక్ టెస్ట్ (చర్మం మీద చిన్నగా గుచ్చి దేనికి అలర్జీ ఉందో చూసే పరీక్ష) దగ్గర. దానికి ముందు ఏడు రోజులు సెటిరిజిన్ ఆపాలన్నారు. మొదటిసారి మూడో రాత్రికే తుమ్ములు, ఒళ్లంతా దద్దుర్లు. మాత్ర వేసేసుకున్నాడు. రెండోసారి, ఊక దుమ్ము వల్లేనేమో అని మిల్లుకు సెలవు పెట్టించి హాలియాలో అక్క ఇంట్లో ఉంచాం. ఉప్పునీటితో ముక్కు కడగడం, ఫ్లూటికాసోన్ ముక్కు స్ప్రే (ఇది వాడొచ్చని వాళ్లే చెప్పారు) రెండూ చేశాం. నాలుగో రోజు తెల్లవారుజామున 3 గంటలకు మళ్లీ దద్దుర్లు. పీక్ ఫ్లో (ఊపిరి ఎంత వేగంగా వదలగలడో చూపే కొలత) రోజూ పొద్దున 380 ఉండేది, ఆ రోజు 310. భయమేసి నేనే మాత్ర ఇచ్చాను. ఇన్‌హేలర్ మాత్రం ఒక్క పూట కూడా ఆపలేదు: బుడెసోనైడ్-ఫార్మోటెరాల్, పొద్దున రెండు పఫ్‌లు, రాత్రి రెండు. మూడోసారి ఆపమని అన్నను అడిగే ధైర్యం నాకు లేదు.

స్పెసిఫిక్ ఐజీఈ (దేనికి అలర్జీ ఉందో రక్తంలో చూసే) రక్తపరీక్షకు సెటిరిజిన్ ఆపక్కర్లేదని ఇక్కడి డాక్టర్ చెప్పారు. ట్రయల్ కోఆర్డినేటర్‌ని అడిగితే రెండుసార్లూ "సార్‌ని అడిగి చెప్తాం" అన్నారు, పది రోజులైంది.

ఆస్తమా ట్రయల్‌లో చేరినవాళ్లలో ఎవరికైనా స్కిన్ టెస్ట్ బదులు ఈ రక్తపరీక్ష రిపోర్టును ఒప్పుకున్నారా?