'గొడ్డేరి మోసపోతి': శ్రీనాథుడు కౌలుకు పట్టింది నిజంగా గొడ్డునేలేనా?

పాత అటక
ఈ మధ్య ఒకటే పాదం నోట్లో నానుతోంది. 'బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి.' బొడ్డుపల్లెలో నేల కౌలుకు పట్టి, పంట పోయి, ఏడునూర్ల టంకాల శిస్తు కట్టలేక శిక్ష పడినప్పుడు శ్రీనాథుడు చెప్పాడనే సీసపద్యంలోది. ఎదురెండ పొగడదండ నుంచి వెదురుగొడియ దాకా సీసపాదాలు అందరికీ నోటికి వచ్చినవే, వాటి జోలికి పోను. ఎత్తుగీతిలో, అంటే సీసం చివరి నాలుగు పాదాల్లో, ఈ మూడో పాదమే మింగుడు పడటం లేదు. బడిలో మాస్టారు 'చవిటినేల ఏరుకుని మోసపోయాడు' అని చెప్పి తరువాతి పద్యానికి వెళ్ళిపోయారు. మరి మొదటి పాదంలో 'కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము' అంటున్నాడే! పండని నేలైతే ఏట్లో కొట్టుకుపోవడానికి అంత పంట ఎక్కడిది? గొడ్డేరి అంటే అసలేమిటండీ?

ఛందోవ్యసని
గొడ్డు + ఏరి. ఉత్వసంధి. ఇందులో కొత్తేముంది? అడగాల్సింది గొడ్డేరి గురించి కాదు, దాని ముందున్న 'ను' గురించి. అది ద్వితీయ అయితే 'బొడ్డుపల్లెను ఏరి', అంటే ఊరే గొడ్డు. సప్తమి అర్థంలో వచ్చిన 'ను' అయితే బొడ్డుపల్లెలో గొడ్డు చెక్కను ఏరుకున్నాడు, ఊరికి ఏ దోషమూ లేదు. నా ఓటు సప్తమికి.

అరక
ఏరి అనగానే ఏరుకోవడమేనా గురువుగారూ? ఏరువాకలో ఉన్న ఏరు సంగతేమిటి? ఏరు అంటే నాగలీ ఎద్దులూ కలిపి. గొడ్డుకారంలో గొడ్డు అంటే ఒట్టిది అనే కదా. గొడ్డేరు అంటే ఒట్టి అరక, ఫలం చేతికి రాని సేద్యం. శ్రీనాథుడు తన సేద్యాన్ని తనే ఎకసెక్కం చేసుకుంటున్నాడు. నేలను తిట్టలేదు.

ఛందోవ్యసని
బాగుంది. మరి ఆ 'గొడ్డేరు' చివర విభక్తి ఏది? గొడ్డేరు 'వల్ల'నా, గొడ్డేరు 'కట్టి'నా? 'గొడ్డేరి మోసపోతి' అని ఊరికే వదిలేస్తే వాక్యం నిలబడదు. క్త్వార్థకం, అంటే 'ఏరుకుని' అనే అసమాపక క్రియ, అనుకుంటేనే అన్వయం సాఫీగా ఉంటుంది.

నాగులేటి గట్టు
ఏరు అంటే నది అని ఇంతవరకు ఎవరికీ తోచకపోవడం వింతగా ఉంది. పద్యం మొత్తం కృష్ణ ఒడ్డున నడుస్తుంటే! గొడ్డేరు అంటే ఎండిపోయిన పాయ, వరదలప్పుడు మాత్రమే నీళ్ళు కనిపించేది. అలాంటి పాత పాయలు కృష్ణ పొడుగునా ఉన్నాయి.

పాత అటక
నది అనే ఏరుకు విభక్తి చేరేముందు వచ్చే రూపం, ఔపవిభక్తికం, 'ఏటి' కదండీ? అప్పుడు గొడ్డేటి కావాలి.

నాగులేటి గట్టు
అక్కడికే వస్తున్నాను. శ్రీనాథుడిదేనని చెప్పుకునే ఇంకో చాటువు, అంటే నోటివెంట తిరిగే విడి పద్యం, చూడండి: 'నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు'. నాగులేరు నాగులేటి అయింది. అదే చెయ్యి ఇక్కడ 'రి' రాయదు. కాబట్టి మూలంలో 'గొడ్డేట మోసపోతి' అని ఉండి ఉండాలి. గొడ్డేట అంటే గొడ్డేటిలో. గణం కూడా చెడదు, గొడ్డేరి తగణమే (గురువు, గురువు, లఘువు), గొడ్డేట తగణమే. నోటివెంట తిరిగిన పద్యంలో 'ట' పోయి 'రి' చేరడం పెద్ద విచిత్రమేమీ కాదు.

ఛందోవ్యసని
గణం చెడనంత మాత్రాన పాఠం పుట్టదు సార్. ఈ గీతిలో యతులు, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జోడీలు, చూడండి. రెండో పాదంలో బిల–తిల ప్రాసయతి, రెండో అక్షరం కలిసేది. నాలుగులో ఎట్లు–ఏడు. మూడులో బొ–మో. అంటే గొడ్డేరి యతిస్థానంలో లేదు, దానికి కాపలా లేదు. ఆ తగణంలో మీరు గొడ్డేట అన్నా, ఇంకొకరు ఇంకేదో అన్నా ఛందస్సు నోరెత్తదు. తాళపత్రం చూపించండి, ఒప్పుకుంటాను. అంతవరకు అచ్చులో ఉన్నదే పాఠం.

మెరకచేను
సాహిత్యంలో మీ అంతటివాణ్ణి కాను. నేలల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. రెండో పాదం మీద ఒక్క మాట. 'బిలబిలాక్షులు తినిపోయె దిలలు పెసలు' అన్నాడు. నువ్వు చేనులో నీళ్ళు నిలబడితే మొక్క బతకదు, వేరు కుళ్ళి తలవాలుస్తుంది. పెసరా అంతే, కాస్త ఓర్చుకుంటుందేమో. ఈ రెండూ వేసి పిట్టలు తినేదాకా పండించాడంటే ఆ చెక్కలో నీరు నిలవదు. చవుడు అంతకన్నా కాదు, చవుట్లో పెసర మొలక సరిగా రాదు. అది మెరక, ఎత్తు నేల. మీ మాస్టారు చెప్పిన చవిటినేల అర్థం ఇక్కడే పోయింది.

అరక
కృష్ణ ఒడ్డంటే బంకనేల కదండీ. బంకలో నీరు నిలవకపోవడమేమిటి?

మెరకచేను
అందరూ ఇక్కడే పొరపాటు పడతారు. బంక వేరు, మురుగు (నీరు నిలిచిపోవడం) వేరు. మట్టిలో బంకపాలు ఎంతన్నది ఒక లెక్క. నీరు దిగుతుందా లేదా అన్నది మట్టి కట్టుబడిని బట్టీ, నేల ఎత్తును బట్టీ ఉంటుంది. రేగడిలో ఉన్న బంక తడిస్తే ఉబ్బి సందులన్నీ మూసేస్తుంది, వేసవిలో నెర్రెలు తీస్తుంది. అన్ని బంకలూ అలా ఉబ్బవు.

గుండ్లకమ్మ పాత ఒడ్డు మీద, ఏటికి కాస్త ఎత్తులో, ఒక చేలో గుంత తవ్వించి చూశాను. పైన జానెడు గోధుమరంగు మట్టి. దాని కింద ఎర్రటి బంక. తడిపి రెండు వేళ్ళ మధ్య నొక్కి జరిపితే పట్టీలా తెగకుండా సాగింది, అంటే బంక దండిగా ఉన్నట్టే. అదే గడ్డను ఆరాక చేత్తో విరిస్తే అంచులున్న చిన్న చిన్న పలుకులుగా విడిపోయింది. ఆ పలుకుల మీద మైనం పూసినట్టు సన్నని మెరుపు. పైనుంచి దిగే నీరు సన్న బంకను మోసుకొచ్చి ఆ ముఖాల మీద పూసిన పూత అది. నీరు దిగుతోందనడానికి అదే సాక్ష్యం. పలుకుల మధ్య సందులు, పాత వేళ్ళు చీకిపోయిన గొట్టాలు, వీటి గుండా నీరు పోతుంది. మనిషి నడుము లోతు దాకా ఎక్కడా బూడిదరంగు మచ్చ లేదు. నీరు నిలిచే నేలలో మచ్చలు తప్పవు. గాలి ఆడక ఇనుము ఎరుపు పోగొట్టుకుంటుంది, మట్టి బూడిదరంగుకు తిరుగుతుంది. పైగా పక్కనే ఏరు లోతుగా కోసుకుని ఉండటంతో భూమిలో నీటిమట్టం అటే వాలుతుంది.

బొడ్డుపల్లి మట్టి కూడా ఇదే అని నేను అనడం లేదు. బంక అనగానే మురుగు అనుకోవద్దంటున్నాను.

పాత అటక
అయితే మీ లెక్కలో 'గొడ్డు'కు చోటే లేదు!

మెరకచేను
నేలకు లేదు. నా ఊహ చెప్పమంటే చెబుతాను, నవ్వకండి. ఏటి ఒడ్డు ఊళ్ళలో ఒకే రైతుకు రెండు రకాల భూమి ఉంటుంది. కింద లంక, పైన మెరక. లంకలో ఏటేటా కొత్త ఒండ్రు పడుతుంది, పంట విరగకాస్తుంది, వరద ముందొస్తే మొత్తం పోతుంది. మెరక మీదికి నీరెక్కేది ఎప్పుడో ఒకసారి, ఎక్కినా త్వరగా దిగిపోతుంది. ఇప్పుడు పద్యం చూడండి. మొదటి పాదంలో కృష్ణ కొనిపోయింది లంక పంట. రెండో పాదంలో పిట్టలు తిన్నది మెరక మీది నువ్వులు, పెసలు. వరద తినేస్తే మళ్ళీ పిట్టలు తినడానికి మిగలదు కదా! రెండు పాదాలు, రెండు చేలు. తొలకరికి వేసిన పునాస నువ్వు మూడు నెలల పంట, సరిగ్గా కృష్ణకు వరదలొచ్చే రోజుల్లోనే కోతకు వస్తుంది.

ఛందోవ్యసని
కవిసార్వభౌముడి పద్యంలో సర్వే నంబర్లు వెతకడం ఈ గుంపులోనే చెల్లింది! చాటువు చెప్పేవాడు పోయినవాటిని వరసపెట్టి ఏకరువు పెడతాడు. ఏరు ఇంత, పిట్టలింత, శిస్తు ఇంత. అది అతిశయం, అడంగల్ కాదు.

నాగులేటి గట్టు
సర్వే నంబర్లే కావాలి. మెరకచేను గారూ, ఆ మెరకకు వెనకవైపు పాత పాయ ఉంటుందా?

మెరకచేను
చాలాచోట్ల ఉంటుంది. ఒడ్డు ఎత్తుగా ఉండి వెనక్కి పోయేకొద్దీ పల్లమవుతుంది. వరదలో మొదట నిండేది ఆ పాయే. ముందు ఏటిని చూస్తూ కూర్చున్నవాణ్ణి వెనకనుంచి చుట్టేస్తుంది.

నాగులేటి గట్టు
ఇంకేం కావాలి! ఎండాకాలంలో కౌలు మాట్లాడుకున్నాడు, వెనక ఒట్టి పాయ కనిపించింది, గొడ్డేరే కదా అనుకున్నాడు. శ్రావణంలో అదే ముంచింది. గొడ్డేట మోసపోతి. మోసపోవడం అనే మాటకు ఇంతకన్నా సరిగ్గా కుదిరే సన్నివేశం చూపించండి.

ఛందోవ్యసని
తాళపత్రం చూపించండి.

అరక
ఒక సందేహం. ఏడునూర్ల టంకాలు శిస్తు కట్టాలంటున్నాడు. గొడ్డునేలకు అంత శిస్తు ఎవరైనా వేస్తారా? వేసినా ఎవరైనా ఒప్పుకుంటారా?

పాత అటక
ఒప్పుకునేవాడు శ్రీనాథుడైతే ఒప్పుకుంటాడండీ. కనకాభిషేకం చేయించుకున్న మనిషికి ఏడునూర్లు ఒక లెక్కా! పల్నాడు వెళ్ళి సన్నన్నం దొరకలేదని జొన్నల మీద కందపద్యం చెప్పినవాడు, అది జొన్న పండే నేలని మాత్రం గమనించలేదు. నేల చూసి కౌలు పట్టే రకం కాదు. ఆయన అభిమానిగానే అంటున్నాను.

అరక
జొన్న పద్యం మాట ఎత్తకండి, ఇక ఎవరూ ఆగరు.

కొత్తగా చేరాను
నమస్కారమండీ. బిలబిలాక్షులు అంటే ఏ పిట్టలు?

ఛందోవ్యసని
పిట్టల గుంపులనే సామాన్యార్థం. బిలబిలమంటూ వాలేవి.

మెరకచేను
నువ్వుకాయ ఎండితే మూతి విచ్చుకుని గింజ రాలుతుంది. రాలిన గింజకు పిచ్చుకలు, గువ్వలు దిగుతాయి. పెసర దగ్గర నేను ఎక్కువగా చూసింది చిలకలనే, పచ్చికాయను కొరికి పారేస్తాయి.

నాగులేటి గట్టు
'బిల' అంటే కన్నం కూడా కదా? ఎలుకలు, పందికొక్కులు ఎందుకు కాకూడదు? మెరకలో బొరియలకు లోటేముంది?

ఛందోవ్యసని
'అక్షులు' ఏం చేద్దాం? బిలం లోంచి కళ్ళు మాత్రం పెట్టి చూసేవనా?

నాగులేటి గట్టు
అనకూడదా?

ఛందోవ్యసని
దీనికి వేరే చర్చ తెరవండి. నేనూ వస్తాను, నిఘంటువులు పట్టుకుని.