అమ్మ బోదకాలుకి స్టెమ్ సెల్ చికిత్స: పొలం తాకట్టు పెట్టి చేయించవచ్చా?

ప్రశ్న (గుంటూరు నుంచి)

అందరికీ నమస్తే. మాది నల్లచెరువు. అమ్మకి 57 ఏళ్ళు. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది, పొద్దున కూర్చుంటే సాయంత్రానికే లేవడం. ఎడమ కాలుకి బోద వచ్చి 15 ఏళ్ళయింది. జాకెట్ కొలతల టేపుతో చూశాను. చీలమండ దగ్గర ఎడమ కాలు 14 అంగుళాలు, కుడి కాలు 9. ఏడాదికి నాలుగైదు సార్లు గజ్జల్లో బిళ్ళ కట్టి, వణుకుతో జ్వరం వస్తుంది. కాలు కనబడుతుందని పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది.

తెలిసినవాళ్ళు చెబితే ఒక క్లినిక్‌కి వెళ్ళాం. పొట్ట దగ్గర కొవ్వు తీసి, అందులోని స్టెమ్ సెల్స్ (మూలకణాలు) కాలికి ఎక్కిస్తే కొత్త లింఫు నాళాలు, అంటే కాల్లో చేరే నీటిని లాగేసే సన్నటి గొట్టాలు, పుడతాయన్నారు. రెండు విడతలకి 3 లక్షల 20 వేలు. నాన్న అర ఎకరం తాకట్టు పెడదామంటున్నారు. సోమవారం అడ్వాన్సు కట్టాలి. ఎవరైనా చేయించుకున్నారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (కృష్ణలంక, విజయవాడ)

అమ్మా, ఆ అడ్వాన్సు కట్టకు. నాకు 61, కుడి కాలు, 24 ఏళ్ళ నుంచి. డీఈసీ మాత్రలు చాలాకాలం వేసుకున్నాను. అవి ఒంట్లో ఉన్న ఫైలేరియా పురుగు (బోదకాలు తెచ్చేది) మీద పనిచేస్తాయి గాని, ముదిరిన వాపుని తీయలేవు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

కాలుని పెంచేది ఆ జ్వరాలే. వేళ్ళ సందులు పాసిపోయిన చోటు నుంచి సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. జ్వరం వచ్చిన ప్రతిసారీ లింఫు నాళాలు ఇంకొంచెం చెడతాయి, కాలు ఇంకొంచెం లావవుతుంది. నేను రోజూ రాత్రి మామూలు సబ్బుతో కడిగి, పాత పంచె గుడ్డతో అద్దుతాను. రుద్దకూడదు. వేళ్ళ మధ్య తడి అస్సలు ఉండకూడదు. డాక్టరు రాసిన ఫంగస్ మందు అక్కడే రాస్తాను. మంచానికి కాళ్ళ వైపు ఇటుకలు పెట్టాం. పొద్దున లేవగానే, వాపు దిగి ఉన్నప్పుడే కట్టు కడతాను. అది మామూలు క్రేప్ కట్టు కాదు, తక్కువ సాగేది. కానీ ముందు డాప్లర్ (కాల్లో రక్తం ఎలా పారుతుందో చూసే పరీక్ష) తీయించాలి. కాలికి రక్తం సరిగా అందనివాళ్ళకి బిగించి కడితే ప్రమాదం.

మూడేళ్ళలో ఒక్కసారే జ్వరం వచ్చింది. చీలమండ 13 నుంచి పదకొండున్నరకి దిగింది. కాలు మామూలుగా అయిపోయిందని అబద్ధం చెప్పను. చెప్పులు మాత్రం పడుతున్నాయి.

జవాబు (పటమట, బ్లడ్ బ్యాంక్ ఉద్యోగి)

చెల్లీ, ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం స్టెమ్ సెల్స్‌ని చికిత్సగా ఇచ్చేది రక్త సంబంధ జబ్బులకి చేసే మూలకణ మార్పిడిలోనే. మిగతాదంతా ప్రయోగం కింద లెక్క. ప్రయోగమైతే సీటీఆర్‌ఐలో (మన దేశంలో వైద్య ప్రయోగాల రిజిస్టరు) నమోదు కావాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. వాళ్ళని ఆ నమోదు నంబరు అడుగు.

డెన్మార్క్‌లో, రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చేయి వాచిన 10 మందికి కొవ్వు నుంచి తీసిన కణాలు ఇచ్చి చూశారు. చేయి బరువు తగ్గినట్టుందని పేషెంట్లు అన్నారు గాని, కొలిస్తే చేయి చెప్పుకోదగ్గంత సన్నబడలేదు. పైగా అది ఫైలేరియా కాలు కాదు.

ప్రశ్న అడిగినవారు

క్లినిక్‌కి ఫోన్ చేసి నంబరు అడిగాను. "అవన్నీ మేం చూసుకుంటాం, సోమవారం లోపు కడితే 20 వేలు తగ్గిస్తాం" అన్నారు. స్పీకర్‌లో పెట్టి నాన్నకి కూడా వినిపించాను. ఆయన పాసుబుక్ మళ్ళీ బీరువాలో పెట్టేశారు.

రాత్రి అమ్మ కాలు నేనే కడిగాను. ఇన్నేళ్ళలో వేళ్ళు విడదీసి ఎప్పుడూ చూడలేదు. చిటికెన వేలి పక్కన తెల్లగా పాసిపోయి, పగిలి ఉంది. కారం చేతులతో గోక్కుంటుందట. ఆ కట్టు గుంటూరు కొత్తపేటలో దొరుకుతుందా బాబాయ్ గారూ?

జవాబు (కృష్ణలంక)

దొరుకుతుందేమో గాని తొందరపడకు తల్లీ. ముందు ఆ పగులు మానాలి. రేపే జీజీహెచ్‌లో (గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి) చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్ళు. మధ్యాహ్నానికి ఓపీ అయిపోతుంది, పొద్దున్నే వెళ్ళండి.