ఇంట్లో రేడాన్ టెస్ట్‌కు ఎంత తీసుకుంటే న్యాయం?

ఫిజిక్స్ హన్మకొండ

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి హన్మకొండలో ట్యూషన్లు చెబుతున్నాను. ఇళ్లలో రేడాన్ కొలిచే పని మొదలుపెట్టాలని ఉంది. పని ఎలా చేయాలో తెలుసు, ఎంత తీసుకోవాలో తేలడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రేడాన్ ఒక రేడియోధార్మిక వాయువు. రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. మట్టిలో, రాతిలో కొద్దికొద్దిగా ఉండే యురేనియం క్షీణిస్తూ రేడియం అవుతుంది, రేడియం నుంచి రేడాన్ పుడుతుంది. ఫ్లోర్ పగుళ్లలోంచి, పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి ఇంట్లోకి వస్తుంది. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది, మూసిన గదిలో పేరుకుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగ తాగడం తర్వాత పెద్ద కారణాల్లో ఇదొకటి. ఘనపు మీటరు గాలిలో 100 బెకరెళ్లు (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) దాటకుండా చూసుకోవాలని, అది వీలుకాని చోట 300 మించనివ్వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. మన దగ్గర ఇంటికి ఈ టెస్ట్ చేయించాలన్న నిబంధన లేదు. అడిగేవాళ్లూ చేసేవాళ్లూ తక్కువే కాబట్టి మార్కెట్ రేటు అంటూ ఏమీ లేదు.

ఒక ఫ్రెండ్ 500 పెట్టమంటున్నాడు, జనం వస్తారట. ఇంకొకడు 5,000 పెట్టమంటున్నాడు, చవకగా ఉంటే ఎవరూ నమ్మరట. నేను 2,500 అనుకుంటున్నా. మెషిన్ 48 గంటలు ఇంట్లో ఉంచి రిపోర్ట్ ఇస్తాను. మీరేమంటారు?

కాజీపేట మేస్త్రి

తమ్మీ, మా పనిలో అన్నీ చదరపు అడుగు లెక్కనే. సెంట్రింగ్ అయినా అంతే, టైల్స్ అయినా అంతే. 600 అడుగుల ఇంటికీ 3,000 అడుగుల డూప్లెక్స్‌కీ ఒకటే రేటు అంటే చిన్న ఇంటాయనకు అన్యాయం కాదా? అడుగుకు ఒక రూపాయి పెట్టు, అందరికీ అర్థమైతది.

క్వారీ ఊరు కరీంనగర్

ధర సంగతి తర్వాత. మాది క్వారీల మీద బతికే ఊరు. ఇక్కడి టాన్ బ్రౌన్ గ్రానైట్ రాయి విదేశాలకు పోతుంది. రేపు మీరు "గ్రానైట్ ఫ్లోర్ ఉందా? క్యాన్సర్ జాగ్రత్త" అని చౌరస్తాలో ఫ్లెక్సీ కడితే 5,000 కాదు, 10,000 అయినా ఇస్తారు. భయపడి ఇచ్చే పైసలవి. అప్పుడు ఏ రేటు పెట్టినా న్యాయం కాదు. కటింగ్ మెషిన్ల దగ్గర మా పోరగాళ్లు పొద్దంతా రాతి దుమ్ము పీలుస్తున్నారు, వాళ్ల ఊపిరితిత్తులు ఎట్లున్నాయో చూసే దిక్కు లేదు. పాలిష్ ఫ్లోర్ మీద ఏసీలో పడుకునేవాళ్లకు మాత్రం టెస్టులు వస్తున్నాయి. ఇది మనసులో పెట్టుకోండి.

ఫిజిక్స్ హన్మకొండ

అన్నా, అలాంటి ఫ్లెక్సీ కట్టను, మాట ఇస్తున్నా. పాలిష్ చేసిన గ్రానైట్ పలకల నుంచి వచ్చే రేడాన్ సాధారణంగా చాలా తక్కువ. ఎక్కువ భాగం ఇంటి కింది నేలలోంచే వస్తుంది. పైన గ్రానైట్ వేసినా, షాబాద్ బండలు వేసినా, సిమెంటు గచ్చు చేసినా కింద నేల అదే కదా. అందుకే మూడో అంతస్తు ఫ్లాట్ వాళ్లు అడిగితే మీకు అంత అవసరం లేదనే చెబుతాను.

మేస్త్రి అన్నా, దీనికి చదరపు అడుగు లెక్క కుదరదు. కింది అంతస్తులో మనుషులు ఎక్కువసేపు ఉండే గదిలో, సాధారణంగా బెడ్‌రూంలో, ఒక్క మెషిన్ పెడతాం. ఇల్లు ఎంతున్నా అదే మెషిన్, అంతే సమయం.

హుజూరాబాద్ టీచర్

నాకు 500 అన్నా 5,000 అన్నా భయం లేదు, "ఉచితం" అంటేనే భయం. ఎందుకో చెబుతాను.

మా ఇంటికి వాటర్ ఫిల్టర్లు అమ్మే కుర్రాడు వచ్చాడు. నీళ్ల టెస్ట్ ఫ్రీ అన్నాడు. ఒక గ్లాసులో మా బోరు నీళ్లు, ఇంకో గ్లాసులో తన ఫిల్టర్ నీళ్లు పోశాడు. కడ్డీలున్న ఒక చిన్న పెట్టెను రెండు గ్లాసుల్లో ముంచి ప్లగ్గు పెట్టాడు. చూస్తుండగానే మా గ్లాసు పచ్చబడి, గోధుమ రంగుకు తిరిగి, పైన తెట్టు కట్టింది. అతని గ్లాసు తేటగా అట్లాగే ఉంది. "ఇన్నేండ్లు మనం తాగింది ఇదా" అంటూ మా అత్తమ్మ కుర్చీలో కూలబడింది. సాయంత్రానికల్లా ఫిల్టర్ గోడకు బిగించేశారు.

ఆ రంగు నీళ్లది కాదు, ఇనుప కడ్డీది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కడ్డీ కరగదు. ఆ తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి ఉంటే అదీ ఇట్లాగే మారేది. టెస్ట్‌కు మేము పైసా ఇవ్వలేదు నిజమే, దాని ఖర్చంతా ఫిల్టర్ ధరలో కట్టాం.

అందుకే తమ్ముడూ, సూటిగా అడుగుతున్నా. రేడాన్ ఎక్కువ వస్తే దాన్ని తగ్గించే ఫ్యాన్లు, పైపులు కూడా నువ్వే బిగిస్తావా? బిగిస్తానంటే నీ రీడింగ్‌ను నేను నమ్మను, నువ్వు 100 రూపాయలకే చేసినా సరే. కొలిచేవాడికి ఫలితంతో లాభం ముడిపడి ఉండకూడదు.

ఓరుగల్లు టు పెన్సిల్వేనియా

టీచర్ గారి మాటకు నా ఓటు. మాది వరంగల్ అండర్ బ్రిడ్జి ప్రాంతం, ఇప్పుడు పెన్సిల్వేనియాలో ఉంటున్నాం. ఈ రాష్ట్రంలోనే 1984లో ఒక అణు విద్యుత్ కేంద్రం ఉద్యోగి డ్యూటీకి వస్తుంటే రేడియేషన్ అలారం మోగింది. అప్పటికి ప్లాంటు ఇంకా మొదలే కాలేదు. చివరికి చూస్తే ఆయన ఒంటికి అంటుకున్నది ఇంట్లోంచి వచ్చింది. ఆ ఇంట్లో రేడాన్ ఘనపు మీటరుకు దాదాపు లక్ష బెకరెళ్లు! అమెరికాలో ఇళ్ల రేడాన్ గురించి జనం పట్టించుకోవడం ఆ సంఘటనతోనే ఊపందుకుంది. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు చాలామంది ఈ టెస్ట్ చేయిస్తారు. నేనూ 150 డాలర్లు ఇచ్చి చేయించాను.

కానీ ఆ 150 డాలర్లను రూపాయల్లోకి మార్చి వరంగల్‌లో పెట్టకండి. ఇక్కడ నేలలోకి దిగిన బేస్‌మెంటు ఉంటుంది, చలికి నెలల తరబడి తలుపులు మూసి హీటర్ వేస్తాం. వేడి గాలి పైకి పోతుంటే ఇల్లు కింది నుంచి నేలలోని గాలిని లాగుతుంది. మన ఊళ్లో పొద్దున లేవగానే తలుపులు బార్లా తీస్తారు. ప్రమాదం అంతే ఉందన్నట్టు ధర పెడితే తప్పు.

నయీంనగర్ లెక్చరర్

బాబూ, ముందు ఒక కాగితం మీద ఈ డబ్బు దేనికి తీసుకుంటున్నావో రాసుకో. నేను లెక్క వేసి చూపిస్తాను. అంకెలు నావి, నీ అసలు ఖర్చులు పెట్టి మార్చుకో.

మెషిన్ 60,000 అనుకుందాం. ఐదేళ్లు పనిచేస్తే ఏడాదికి 12,000. ఏటా ఒకసారి కాలిబ్రేషన్‌కు, అంటే సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూసే పనికి, పంపాలి, రానుపోను కొరియర్‌తో 8,000 వేసుకో. మొత్తం 20,000. ఏడాదికి 40 ఇళ్లు చేస్తే ఇంటికి 500 పడుతుంది. సిటీలో రెండుసార్లు వెళ్లిరావడానికి పెట్రోలు 150. పెట్టడం, తీయడం, రిపోర్ట్ రాయడం, ఇంటివాళ్లకు కూర్చోబెట్టి చెప్పడం కలిపి మూడు గంటలు, గంటకు 200 చొప్పున 600. ఎవరో కిటికీ తెరిచి పాడుచేసిన టెస్టులు, ప్రింట్లు, ఫోన్లు కలిపి 100. మొత్తం 1,350. పైన 250 లాభం, అంటే 1,600. 2,500కు నాకు లెక్క దొరకలేదు. 500కు అయితే కాలిబ్రేషన్ ఎగ్గొట్టక తప్పదు. కాలిబ్రేషన్ లేని మెషిన్ చూపించే అంకెకు విలువ లేదు, ఆ 500 కూడా కస్టమర్‌కు దండగే. సర్వీసుల్లో ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటే దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాబట్టి 18 శాతం అంటూ బిల్లులో కలపకు.

అసలు సమస్య ఆ 48 గంటలది. తక్కువ రోజుల టెస్ట్‌కు 12 గంటల ముందు నుంచే తలుపులు, కిటికీలు మూసి ఉంచాలని అమెరికా పద్ధతి. మనవాళ్లను రెండు రోజులు కిటికీలు మూసుకోమని కొలిస్తే, వాళ్లు ఎప్పుడూ అట్లా బతకని ఇంటి అంకె వస్తుంది. రేడాన్ పగలు ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. సంక్రాంతి ముందు చలికి మూసుకున్న గది వేరు, వానాకాలంలో తెరిచిన గది వేరు, మేలో ఏసీ వేసిన గది మళ్లీ వేరు. రెండు రోజుల అంకె ఏడాది ఊపిరికి లెక్క చెప్పదు.

దీనికి ఫిల్మ్ పద్ధతి ఉంది. చిన్న డబ్బాలో ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్క పెట్టి గదిలో మూడు నెలలు వదిలేస్తారు. రేడాన్ నుంచి వచ్చే ఆల్ఫా కణాలు దాని మీద కంటికి కనపడని గాట్లు పెడతాయి. తర్వాత ల్యాబులో ఆ ఫిల్మ్‌ను సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచితే గాట్లు పెద్దవై లెక్కపెట్టడానికి వీలవుతుంది. మన దేశంలో పరిశోధకులు ఇళ్ల సర్వేలకు ఎల్ఆర్-115 అనే ఫిల్మ్ వాడతారు. కరెంటు అక్కర్లేదు, నీ మెషిన్ ఎక్కడా ఇరుక్కోదు. ల్యాబు ఖర్చు 300, కొరియర్ 150, నీ గంట సమయం 200, పైఖర్చు 50 అనుకుంటే 700కు తేలుతుంది.

చవకదే ఇక్కడ నిజానికి దగ్గరగా ఉండే జవాబు ఇస్తుంది. ముందు ఫిల్మ్ చూపించు. ఇల్లు కొనబోతున్నాం, రిజిస్ట్రేషన్ దగ్గర పడింది అనేవాళ్లకే మెషిన్ పెట్టు. ఖరీదైనదాన్ని ముందు చూపించి, అడిగితేనే రెండోది చెప్పే దుకాణం నడపకు.

క్వారీ ఊరు కరీంనగర్

సార్, లెక్క బాగుంది. కానీ మొదటి ఏడాది 40 ఇళ్లు ఎక్కడ వస్తాయి? 10 వస్తే మెషిన్ ఖర్చే ఇంటికి 2,000 అవుతుంది. అప్పుడు 1,600కు చేస్తే తమ్ముడు మునుగుతాడు కదా.

నయీంనగర్ లెక్చరర్

గిరాకీ రాకపోవడం వ్యాపారం పెట్టినవాడి రిస్క్. మొదట వచ్చిన 10 మంది నెత్తిన అది రుద్దకూడదు. అంత భయముంటే మెషిన్ ఇప్పుడే కొనకుండా ఫిల్మ్‌తో మొదలుపెట్టాలి.

జగిత్యాల అక్క

మీ లెక్కలన్నీ హన్మకొండ చౌరస్తా చుట్టూ తిరుగుతున్నాయి. మా దాకా రావాలంటే రెండుసార్లు రానుపోను ఖర్చు కలిపి నీ 1,600 కాస్తా 3,000 దాటుతుంది. సిటీలో డాక్టర్ గారి ఇంటికి 1,600, మా వాడలో బీడీలు చుట్టే ఆమె ఇంటికి 3,000. ఇదేం న్యాయం?

ఇంకోటి. మా నాన్న రోజుకు రెండు కట్టల బీడీలు తాగుతాడు. అదే రేడాన్ ఉన్నా, ఎప్పుడూ తాగనివాళ్ల కంటే తాగేవాళ్లకు దానివల్ల వచ్చే ముప్పు దాదాపు 25 రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే మా ఇంట్లో మెషిన్ పెట్టకముందే చేయాల్సిన పని ఏంటో తెలుసు. తమ్ముడూ, గడప దాటగానే నువ్వు ఆ మాట చెప్పాలి. "ముందు బీడీ మానండి, రాత్రి కిటికీ తెరవండి, ఆ తర్వాతే నాకు డబ్బులివ్వండి" అనగలవా? అట్లా అనేవాడైతే ఎంత అడిగినా ఇవ్వబుద్ధి అవుతుంది.

ఫిజిక్స్ హన్మకొండ

అంటాను అక్కా. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అన్నది నా ఫారంలో మొదటి ప్రశ్నగా పెడతాను. దూరం సంగతికి లెక్చరర్ సార్ ఫిల్మే దారి. ఆర్టీసీ కార్గోలో డబ్బా పంపిస్తాను, మూడు నెలలకు మీరు అట్లాగే వెనక్కి పంపొచ్చు. జగిత్యాల అయినా మంథని అయినా హన్మకొండ అయినా ఒకటే ధర.

టీచర్ గారూ, ఫ్యాన్లు, పైపులు నేను అమ్మను, అమ్మేవాళ్ల దగ్గర కమిషన్ తీసుకోను. ఇది రిపోర్ట్ మీదే ప్రింట్ చేయిస్తాను.

హుజూరాబాద్ టీచర్

బాగుంది. మరి మొదటి టెస్ట్‌లో రీడింగ్ 100 బెకరెళ్లు దాటితే? ఖాయం చేసుకోవడానికి రెండోది చేయాలి కదా. దానికీ డబ్బులు తీసుకుంటే, ఎక్కువ రీడింగ్ వచ్చిన ప్రతిసారీ నీకు ఇంకో బిల్లు వస్తుంది. రెండోది ఉచితంగా చేయాలి.

నయీంనగర్ లెక్చరర్

అమ్మా, అందులో ఇంకో చిక్కుంది. రెండోది ఉచితమైతే ఎక్కువ రీడింగ్ వచ్చిన ప్రతిసారీ అతనికి నష్టం. 104 వచ్చినప్పుడు 98 అని రాయాలనే ఆశ అక్కడే పుడుతుంది. ఇతను అట్లాంటివాడని నేననడం లేదు. ధర కట్టేటప్పుడే ఆ ఆశకు తావు లేకుండా చూడాలి. అందరి దగ్గరా 100 రూపాయలు ఎక్కువ తీసుకుని పక్కన పెట్టు, రెండో టెస్ట్ ఖర్చు అందులోంచి పెట్టుకో. డబ్బు మొత్తం ముందే తీసుకో, రీడింగ్ చూశాక డబ్బు మాట ఎత్తకు.

జగిత్యాల అక్క

ఎవరింట్లోనో ఎక్కువ వస్తే మా వాడవాళ్లు 100 ఎందుకు కట్టాలి? దీనికి నేను ఒప్పుకోను. పెద్ద ఇళ్లవాళ్ల మెషిన్ టెస్టుల మీద 200 వేసుకుని ఫిల్మ్‌ను 700కే ఉంచాలి.

కాజీపేట మేస్త్రి

నేను చదరపు అడుగు అన్నది కూడా అందుకే కదా అక్కా, ఉన్నోళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవాలని. సరే, నాకు తెలిసిన పనిలో ఒక మాట. కొత్త ఇళ్లకు టెస్ట్ అమ్మే ముందు మాలాంటోళ్లకు చెప్పండి. బేస్‌మెంట్ మొరం కొట్టాక కాంక్రీట్ వేసేముందు మందం ప్లాస్టిక్ షీటు పరిచి, పైపుల చుట్టూ సందులు మూసేస్తే చాలావరకు కిందే ఆగుతుందంటే, మేం చేస్తాం. ఇల్లంతా కట్టాక పగలగొట్టడం కంటే అది ఎంతో చవక.

ఫిజిక్స్ హన్మకొండ

తప్పకుండా అన్నా, ఆ వివరాలు రాసి పెడతాను. ఇప్పటికి ఇలా అనుకుంటున్నా. ఫిల్మ్ 800, ఎక్కడికైనా. మెషిన్ 1,700, ట్రైసిటీలో (వరంగల్, హన్మకొండ, కాజీపేట) మాత్రమే. రెండో టెస్ట్ అందులోనే. అక్కా, మీ 700 మాట కొట్టిపారేయడం లేదు. మెషిన్ టెస్టులు ఏడాదికి ఎన్ని వస్తాయో తెలియకుండా ఫిల్మ్ ఖర్చు వాటి మీద మోపితే రెండూ ఆగిపోతాయేమోనని నా భయం. ఆరు నెలల ఖర్చులు, రాబడి ఇక్కడే పెడతాను, అప్పుడు మళ్లీ తేల్చుదాం.

జగిత్యాల అక్క

పెట్టు, చూస్తాను. నేను మాత్రం 700 దగ్గరే ఉన్నా. డబ్బాతో పాటు పంపే కాగితం తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. కిటికీ పక్కన వద్దు, ఫ్యాన్ గాలి తగిలే చోట వద్దు, వంటింట్లో వద్దు అని బొమ్మలేసి పంపు. మా ఆశా వర్కర్‌కు చూపించి, ఆమెకు అర్థమైతేనే ప్రింటుకు ఇవ్వు.